ఐసి-7300 కొనాలా, ఎఫ్‌టి-991ఎ కొనాలా: రిగ్ ఎంచుకోవడానికి అడుగడుగునా సాయం

కొత్తగా హ్యామ్ రేడియో (అభిరుచిగా నడిపే రేడియో) లైసెన్స్ చేతికొచ్చిన వాళ్లు, పాత రిగ్ (సిగ్నళ్లు పంపే, వినే రేడియో సెట్) మార్చాలనుకునే వాళ్లు చాలామంది తిరిగి తిరిగి వచ్చి ఈ రెండింటి దగ్గరే ఆగిపోతారు. ఐకామ్ ఐసి-7300, యాయెసు ఎఫ్‌టి-991ఎ. రెండూ ఇంచుమించు ఒకే సైజు, రెండూ నాలుగు కిలోల పైచిలుకు బరువు, రెండూ హెచ్‌ఎఫ్‌లో (దూరదేశాలకు అందే 3-30 మెగాహెర్ట్జ్ బ్యాండ్లు) 100 వాట్లు ఇస్తాయి, రెండింటికీ టచ్ స్క్రీన్ ఉంది, లోపలే యాంటెన్నా ట్యూనర్ (యాంటెన్నాని రిగ్‌కి సరిపోయేలా సర్దేది) ఉంది, కంప్యూటర్‌కి కలపడానికి ఒక్క యూఎస్‌బీ కేబుల్ చాలు. కాగితం మీద చూస్తే 991ఎ ఇంకా ఎక్కువ ఇస్తున్నట్టే ఉంటుంది, ఎందుకంటే హెచ్‌ఎఫ్, 50 మెగాహెర్ట్జ్‌తో పాటు 144, 430 మెగాహెర్ట్జ్ కూడా అందులో ఉన్నాయి, పైగా అక్కడ 50 వాట్లు. నేనూ అదే లెక్క వేసుకుని ముందు 991ఎ కొన్నాను. రెండేళ్లు వాడాను, తర్వాత 7300కి మారాను. 991ఎ చెడ్డ రిగ్ అని కాదు మారింది. నేను చేసే పనికి నేను తప్పు పెట్టె కొనుక్కున్నానని అర్థమయ్యాక మారాను.

ఈ రెండు రిగ్గులూ ఒకే అవసరం కోసం చేసినవి కావు, అందుకే "ఏది బెస్ట్" అని ఎంతమందిని అడిగినా మనకు తృప్తి కలగదు. ఒకటి హెచ్‌ఎఫ్‌ని బాగా వినడానికి, కళ్లతో చూడడానికి చేసింది. రెండోది ఒక్క పెట్టెలో అన్నీ ఇమడాలనే వాళ్ల కోసం చేసింది. మీరు ఏ గుంపులో ఉన్నారో తేల్చుకోవడమే అసలు పని, కింద రాసిందంతా అందుకోసమే. దయచేసి అడుగులు వరసగా వేయండి, ముఖ్యంగా మొదటి మూడూ రిగ్ డబ్బు కట్టకముందే పూర్తి చేయండి.

మొదటి అడుగు: రెండు వారాలు ఊరికే వినండి

రిగ్ లేకుండా వినడం ఎలా అంటే, ఇంటర్నెట్‌లో వెబ్‌ఎస్‌డీఆర్, కివీఎస్‌డీఆర్ అని ప్రపంచమంతా హ్యామ్‌లు తెరిచి పెట్టిన రిసీవర్లు ఉన్నాయి. నెదర్లాండ్స్‌లో ట్వెంటె యూనివర్సిటీ వెబ్‌ఎస్‌డీఆర్ వీటిలో చాలా పేరున్నది. బ్రౌజర్‌లో తెరిచి 7 మెగాహెర్ట్జ్, 14 మెగాహెర్ట్జ్, 28 మెగాహెర్ట్జ్ బ్యాండ్ల మీద పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట తిరగండి. మీకు దగ్గరలో ఉన్న కివీఎస్‌డీఆర్ ఏదైనా దొరికితే ఇంకా మంచిది, ఎందుకంటే మీ ఇంటి మీద నుంచి వినిపించేదానికి అది దగ్గరగా ఉంటుంది.

వింటూ ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి: ఏది విన్నప్పుడు "నేను కూడా ఇందులోకి దిగాలి" అనిపించింది? దూరదేశం స్టేషన్ కోసం వందమంది ఒకేసారి పిలిచే పైలప్పా, తీరిగ్గా కబుర్లు చెప్పుకునే నెట్టా, మోర్స్ టిక్కుటిక్కులా, కంప్యూటర్‌తో పంపే ఎఫ్‌టి8 డిజిటల్ మోడ్ ఈలలా? లేక హెచ్‌ఎఫ్ విన్నంతసేపూ విసుగొచ్చి, మీ చుట్టుపక్కల రిపీటర్‌లో (సిగ్నల్ అందుకుని తిరిగి పంపే స్టేషన్) రోజూ సాయంత్రం కలిసే వాళ్లతో మాట్లాడడమే బాగుందనిపించిందా? ఈ చివరి మాట నిజమైతే దాన్ని చిన్నతనంగా తీసుకోకండి. రిపీటర్ మీద మనుషులతో కలవడం కూడా హ్యామ్ రేడియోనే. కాకపోతే ఆ పనికి ఈ రెండు పెద్ద రిగ్గుల్లో ఏదీ అక్కర్లేదు, మామూలు విహెచ్‌ఎఫ్ (144 మెగాహెర్ట్జ్ లాంటి పై బ్యాండ్) సెట్ ఒకటి చాలు.

మీ లైసెన్స్ ఏ బ్యాండ్లకు, ఎన్ని వాట్లకు అనుమతి ఇస్తుందో ఇప్పుడే తెరిచి చదవండి. వాడడానికి వీల్లేని బ్యాండ్ కోసం డబ్బు పెట్టడం ఎందుకు?

రెండో అడుగు: యాంటెన్నా ఎక్కడ కడతారో ముందు తేల్చండి

రిగ్ కంటే యాంటెన్నా ముఖ్యం అని అందరూ అంటారు, అని రిగ్ గురించే మాట్లాడతారు. కాబట్టి టేపు పట్టుకుని మేడ మీదకో పెరట్లోకో వెళ్లండి.

అర తరంగం డైపోల్ (మధ్యలో కేబుల్ కలిపే తీగ యాంటెన్నా) పొడవు మీటర్లలో కావాలంటే 143ని మెగాహెర్ట్జ్‌తో భాగించండి, సుమారుగా సరిపోతుంది. 7.1 మెగాహెర్ట్జ్‌కి 20 మీటర్లు వస్తుంది, 14.2కి 10 మీటర్లు, 28.5కి 5 మీటర్లు. ఆ 20 మీటర్ల తీగ కట్టే చోటు మీకు ఉందా? తిన్నగా లేకపోయినా ఫర్వాలేదు, మధ్యలో ఎత్తుగా, చివర్లు కిందకు దించిన విలోమ వి ఆకారంలో కట్టవచ్చు. చివర నుంచి ఫీడ్ చేసే అర తరంగం తీగ, 49:1 ట్రాన్స్‌ఫార్మర్‌తో, ఒక గోడ నుంచి ఒక చెట్టుకి కట్టినా బాగానే పనిచేస్తుంది.

రెండు రిగ్గుల్లోనూ ఉన్న ట్యూనర్ సుమారు 3:1 ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా రిగ్‌కి ఎంత సరిపోలిందో చెప్పే అంకె) వరకే సరిచేస్తుంది. ఎంత పొడవుందో తెలియని తీగని తగిలించి ట్యూనర్ బటన్ నొక్కితే రెండూ చేతులెత్తేస్తాయి. 7300లో ఎమర్జెన్సీ మోడ్ అని ఒకటి ఉంది, పవర్‌ని 50 వాట్లకు పరిమితం చేసి ఇంకొంచెం చెడ్డ యాంటెన్నాని కూడా ట్యూన్ చేస్తుంది. రోజూ వాడుకోవాల్సింది కాదుగానీ అవసరానికి ఆదుకుంటుంది. ఏది కొన్నా ట్యూనర్‌ని నమ్ముకుని యాంటెన్నాని నిర్లక్ష్యం చేయకండి.

ఇక 991ఎ మీద మనసున్న వాళ్లు 144, 430 మెగాహెర్ట్జ్ యాంటెన్నా సంగతి కూడా ఇప్పుడే తేల్చాలి, నేను దెబ్బతిన్నది సరిగ్గా ఇక్కడే. రిగ్ వెనక రెండు సాకెట్లు ఉంటాయి, హెచ్‌ఎఫ్‌కి, 50 మెగాహెర్ట్జ్‌కి ఒకటి, విహెచ్‌ఎఫ్, యుహెచ్‌ఎఫ్‌కి ఒకటి. మొదటిదానికి డైపోల్ పెట్టాను. రెండోదానికి చేతిలో ఉన్న ఆర్‌జి-58 కేబుల్ ఓ 20 మీటర్లు లాగి చిన్న వర్టికల్ (నిలువు యాంటెన్నా) తగిలించాను. 430 మెగాహెర్ట్జ్‌లో ఆ సన్న కేబుల్ అంత పొడవుకు సుమారు 7 డెసిబెల్స్ మింగేస్తుంది. అంటే రిగ్ 50 వాట్లు పంపితే యాంటెన్నా దాకా చేరేది 10 వాట్లు. వినడంలోనూ అంతే నష్టం, పైగా పోయిన రిసెప్షన్‌ని రిగ్‌లో ప్రీయాంప్ (సిగ్నల్‌ని పెంచేది) వేసి వెనక్కి తెచ్చుకోలేం. లావు కేబుల్ కొనాలి, కనెక్టర్లు మార్చాలి, మాస్టు ఎత్తు చేయాలి అనుకుంటూనే రెండేళ్లు గడిచాయి. ఆ సాకెట్ కోసం డబ్బు కట్టాను గానీ దాన్ని సరిగా వాడుకోలేదు.

ఎత్తు లెక్క కూడా చూడండి. విహెచ్‌ఎఫ్‌లో మామూలుగా అందే దూరానికి ఒక సులువైన లెక్క ఉంది: యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే రేడియో హొరైజన్ కిలోమీటర్లలో వస్తుంది. 10 మీటర్ల ఎత్తుకి 13 కిలోమీటర్లు. అవతలి స్టేషన్ కూడా అంతే ఎత్తులో ఉంటే ఇద్దరి మధ్య 26. ఇంతకంటే దూరం వెళ్లే సందర్భాలు లేకపోలేదు, కొండ మీద నుంచి ఎస్ఎస్‌బిలో (తక్కువ వెడల్పులో గొంతు పంపే మోడ్) అడ్డంగా పెట్టిన యాగీతో (ఒక దిక్కుకు గురిపెట్టే యాంటెన్నా) వందల కిలోమీటర్లు పనిచేసే వాళ్లున్నారు. ఆ ఆసక్తి మీకుంటే మాత్రం 991ఎ మీద నా మాట మొత్తం మారిపోతుంది. 7300లో 144 మెగాహెర్ట్జ్ అసలే లేదు కాబట్టి ఆ పని దానితో నేరుగా కుదరదు.

మూడో అడుగు: మీ ఇంటి నాయిస్ కొలవండి

ఇది ఎవరూ చేయరు, చేస్తే సగం వాదనలు ఇక్కడే ముగిసిపోతాయి. స్నేహితుడి రిగ్‌ని ఒక సాయంత్రం అడిగి తెచ్చుకోండి, లేదంటే చిన్న ఎస్‌డీఆర్ డాంగిల్ (కంప్యూటర్‌కి గుచ్చే రిసీవర్) అయినా ఫర్వాలేదు. తాత్కాలికంగా తీగ కట్టి, బ్యాటరీ మీద నడిపిస్తూ, 7 మెగాహెర్ట్జ్‌లో ఖాళీగా ఉన్న చోట ఎస్ మీటర్ (సిగ్నల్ బలం చూపేది) ఎంత చూపిస్తోందో రాసుకోండి. తర్వాత ఇంట్లో మెయిన్ స్విచ్ ఆపేసి మళ్లీ చూడండి.

మీటర్ ఎస్7 నుంచి ఎస్3కి పడిందంటే గోల మీ ఇంట్లోదే. ఎల్‌ఈడీ బల్బు, ఫోన్ ఛార్జర్, సోలార్ ఇన్వర్టర్, టీవీ అడాప్టర్, ఏదో ఒకటి. ఒక్కో ఎమ్‌సీబీ వేసుకుంటూ వెళితే ఏదో దొరుకుతుంది. మీటర్ కదలలేదంటే గోల బయటి నుంచి వస్తోంది, దానికి యాంటెన్నాని గోడలకు, కరెంటు తీగలకు దూరంగా జరపడం తప్ప పెద్ద మందు లేదు.

ఒక ఎస్ యూనిట్ అంటే 6 డెసిబెల్స్. నాలుగు యూనిట్లు తగ్గితే 24 డెసిబెల్స్. మనం పవర్ లెక్కలో చూస్తే 5 వాట్ల నుంచి 100 వాట్లకు వెళ్లడం 13 డెసిబెల్సే, అంటే రెండు ఎస్ యూనిట్ల పైన కొంచెం. ఒక పాడు ఛార్జర్ తీసి పారేయడం వల్ల మీకు కలిగే లాభం, వినడంలో, ఏ కొత్త రిగ్గూ ఇవ్వలేదు. నాయిస్ ఎస్7, ఎస్8 దగ్గర కూర్చున్న ఇంట్లో ఈ రెండు రిసీవర్ల మధ్య తేడా వెతకడం కూడా వృథా, ఎందుకంటే రెండింటికీ ఆ గోల కింద ఉన్నదేదీ వినపడదు.

నాలుగో అడుగు: లోపల ఏం జరుగుతోందో అర్థం చేసుకోండి

2016లో వచ్చిన 7300 డైరెక్ట్ శాంప్లింగ్ రిగ్. యాంటెన్నా నుంచి వచ్చిన సిగ్నల్ బ్యాండ్‌పాస్ ఫిల్టర్లు దాటి నేరుగా అంకెలుగా మారిపోతుంది, తర్వాతదంతా లెక్కల పని. పాత పద్ధతిలో లాగా మిక్సర్, ఇంటర్మీడియెట్ ఫ్రీక్వెన్సీ, క్రిస్టల్ ఫిల్టర్ అనే వరస ఇందులో లేదు. దీనివల్ల రెండు మంచి లాభాలున్నాయి. మొదటిది, బ్యాండ్ మొత్తం ఒకేసారి అంకెల్లో ఉంది కాబట్టి స్పెక్ట్రమ్ స్కోప్, వాటర్‌ఫాల్ (బ్యాండ్‌లోని సిగ్నళ్లను తెర మీద బొమ్మగా చూపేవి) నిజంగా అప్పటికప్పుడు కదులుతాయి. రెండోది, మిక్సర్లు పుట్టించే లేనిపోని సిగ్నళ్లు తక్కువ, వినడానికి శుభ్రంగా ఉంటుంది.

లోపం కూడా చెప్పాలి. ఫిల్టర్ దాటి వచ్చిన ప్రతి సిగ్నలూ దాన్ని అంకెలుగా మార్చే ఏడీసీ మీద పడుతుంది. పక్క వీధిలో ఇంకో హ్యామ్ 100 వాట్లు కొడుతున్నా, దగ్గరలో పెద్ద ప్రసార కేంద్రం ఉన్నా ఏడీసీ నిండిపోయి స్క్రీన్ మీద ఓవర్‌ఫ్లో గుర్తు వెలుగుతుంది. అప్పుడు చేయాల్సింది చాలా తేలిక, ప్రీయాంప్ ఆపి, అటెన్యుయేటర్ (సిగ్నల్‌ని తగ్గించేది) వేసి, ఆర్‌ఎఫ్ గెయిన్ తగ్గించడమే. ఐపీ ప్లస్ అనే బటన్ కూడా బలమైన సిగ్నళ్ల మధ్య వినడానికే ఇచ్చారు. మామూలు ఇంట్లో మామూలు డైపోల్‌తో ఆ గుర్తు చాలా అరుదుగానే చూశాను.

991ఎ సంప్రదాయ సూపర్‌హెట్. మూడుసార్లు ఫ్రీక్వెన్సీ మార్చి, మొదట్లోనే 3 కిలోహెర్ట్జ్ లేదా 15 కిలోహెర్ట్జ్ రూఫింగ్ ఫిల్టర్ (పక్క సిగ్నళ్లను ముందే ఆపేది) పెట్టి, చివర డీఎస్‌పీతో (అంకెల్లో లెక్కగట్టే చిప్) శుభ్రం చేస్తుంది. హెచ్‌ఎఫ్ నుంచి 430 దాకా ఒకే రిసీవర్‌తో సాధించాలంటే ఎక్కడో రాజీ పడక తప్పదు, ఇక్కడ ఆ రాజీ హెచ్‌ఎఫ్‌లోనే కనిపిస్తుంది. షెర్‌వుడ్ ఇంజనీరింగ్ వాళ్లు రిసీవర్లని కొలిచి, 2 కిలోహెర్ట్జ్ పక్కనే బలమైన సిగ్నల్ ఉన్నప్పుడు ఎంత తట్టుకుంటుందో దాన్ని బట్టి వరసలో పెట్టే పట్టిక ఒకటి ఉంది. అందులో 7300 పైన, 991ఎ కింద ఉంటాయి. కాంటెస్టు (ఎక్కువ స్టేషన్లతో మాట్లాడే పోటీ) రోజున కిక్కిరిసిన బ్యాండ్‌లో ఈ తేడా నిజంగా తెలుస్తుంది. మంగళవారం మధ్యాహ్నం ఖాళీ బ్యాండ్‌లో తెలియదు. పట్టికలో స్థానం చూసి కొనేముందు, మీరు ఏడాదిలో ఎన్ని కాంటెస్టుల్లో కూర్చుంటారో అడిగి చూసుకోండి.

అయిదో అడుగు: కంటికి, చేతికి

స్కోప్ గురించి ఇంకాస్త ఆగి చెప్పాలి, నేను మారడానికి ఇదే పెద్ద కారణం. 7300 స్క్రీన్ 4.3 అంగుళాలు. వాటర్‌ఫాల్ మీద సన్నగా మొదలైన సిగ్నల్ గీత కనిపిస్తుంది, వేలితో తాకితే అక్కడికి వెళ్లిపోతాం. బ్యాండ్ ఇంకా తెరుచుకోలేదు అనుకుంటున్న టైమ్‌లో, చెవికి అందకముందే, స్క్రీన్ మీద ఒక మసక గీత చూసి డయల్ తిప్పి దూరదేశం స్టేషన్‌ని పట్టుకున్న రోజులు నాకు చాలా ఉన్నాయి. 991ఎలో కూడా స్కోప్, వాటర్‌ఫాల్ ఉన్నాయి. స్క్రీన్ 3.5 అంగుళాలు, గీతలు మోటుగా ఉంటాయి, సన్నని సిగ్నల్ కనిపించే స్పష్టత తక్కువ. బ్యాండ్‌లో జనం ఉన్నారా లేదా అని తెలుసుకోవడానికి సరిపోతుంది, వేటాడడానికి సరిపోదు.

మెనూ కూడా అంతే ముఖ్యం. 7300లో విషయాలు గుంపులుగా పెట్టి ఉంటాయి, మాన్యువల్ తెరవకుండా చాలా పనులు దొరుకుతాయి. 991ఎలో సుమారు 150 అంశాలు నంబర్ల వరసలో ఉంటాయి, మీకు కావలసింది ఏ నంబరో గుర్తుండాలి. అలవాటైతే కష్టం కాదు. నేను ఓ పది నంబర్లు చిన్న కాగితం మీద రాసి రిగ్ పైన అంటించుకున్నాను, మీరూ అదే చేయండి. కుదిరితే కొనేముందు రెండింటి ముందూ పావుగంట చొప్పున కూర్చుని ఒకే పని చేసి చూడండి: బ్యాండ్ మార్చడం, పవర్ తగ్గించడం, స్ప్లిట్ (ఒక ఫ్రీక్వెన్సీలో పంపి ఇంకోదాంట్లో వినడం) పెట్టడం, ఫిల్టర్ సన్నం చేయడం. ఏ రిగ్ దగ్గర టెన్షన్ లేకుండా చేయి దానంతటదే వెళ్లిందో గమనించండి.

ఆరో అడుగు: కంప్యూటర్‌తో ఎంతసేపు ఉంటారు

ఎఫ్‌టి8 2017లో వచ్చింది, జో టేలర్, స్టీవ్ ఫ్రాంకే తయారుచేశారు. 15 సెకన్ల వంతులు, 50 హెర్ట్జ్ వెడల్పు, చిన్న యాంటెన్నాతో, తక్కువ పవర్‌తో కూడా ఖండాలు దాటుతుంది. ఈ పనికి రెండు రిగ్గులూ సమానమే, రెండింటి లోపలా సౌండ్ కార్డు ఉంది. యూఎస్‌బీ కేబుల్ గుచ్చకముందే డ్రైవర్ ఇన్‌స్టాల్ చేయండి, ఈ ఒక్క వరస తప్పడం వల్లే చాలామంది రోజంతా తిప్పలు పడతారు. 991ఎ కంప్యూటర్‌కి రెండు కామ్ పోర్టులుగా కనిపిస్తుంది, రిగ్ కంట్రోల్ కోసం ఎన్‌హాన్స్‌డ్ అని రాసి ఉన్నదాన్ని ఎంచుకోవాలి. 7300 ఒక్క పోర్టుగా వస్తుంది, మోడ్‌ని యూఎస్‌బీ-డీలో (ఇక్కడ యూఎస్‌బీ అంటే కేబుల్ కాదు, అప్పర్ సైడ్‌బ్యాండ్) పెట్టాలి.

ఏ రిగ్ అయినా ఎఫ్‌టి8లో 100 వాట్లు పెట్టకండి. వంతు వచ్చిన ప్రతిసారీ దాదాపు పూర్తి 13 సెకన్లు ఆపకుండా ట్రాన్స్‌మిట్ చేస్తుంది, ఫైనల్స్ (పవర్ ఇచ్చే చివరి ట్రాన్సిస్టర్లు) వేడెక్కిపోతాయి. 30 నుంచి 50 వాట్లు చాలు. ఆడియో లెవెల్ ఏఎల్‌సీ (ఆడియో మితిమీరితే పవర్‌ని అదుపు చేసేది) మీటర్ కదలీ కదలనంతగా ఉంచండి, లేకపోతే మీ సిగ్నల్ బ్యాండ్‌లో పక్కవాళ్ల నెత్తిన పడుతుంది. కంప్యూటర్ గడియారం ఒక సెకను లోపలే ఉండాలి. పంపిన సిగ్నల్ ఎక్కడెక్కడ వినిపించిందో పీఎస్‌కే రిపోర్టర్ అనే వెబ్‌సైట్‌లో మ్యాప్ మీద చూసుకోవచ్చు, యాంటెన్నా ఎలా ఉందో చెప్పే ఉచిత పరీక్ష అది.

ఏడో అడుగు: కరెంటు

రెండింటికీ 13.8 వోల్టులు కావాలి, పదిహేను శాతం అటూ ఇటూ తట్టుకుంటాయి, అంటే కింద 11.7 వోల్టుల దాకా. పూర్తి పవర్‌లో 7300 21 ఆంపియర్లు, 991ఎ 23 ఆంపియర్లు లాగుతాయి. 30 ఆంపియర్ల పవర్ సప్లై తీసుకోండి, ఏది కొన్నా సరిపోతుంది. వైరు లావుగా, పొట్టిగా ఉండాలి: వైరులో, ఫ్యూజు హోల్డర్‌లో కలిపి 0.05 ఓమ్ ఉన్నా 20 ఆంపియర్ల దగ్గర ఒక వోల్టు అక్కడే పోతుంది.

బ్యాటరీతో బయటకు తీసుకెళ్లే ఆలోచన ఉంటే రిసీవ్‌లో లాగే కరెంటు చూడండి, ఎక్కువసేపు వింటూనే ఉంటాం కదా. 7300 సిగ్నల్ లేనప్పుడు 0.9 ఆంపియర్లు, 991ఎ 1.8. 20 ఆంపియర్-అవర్ బ్యాటరీ మీద ఊరికే వింటే కాగితం లెక్కలో మొదటిది 22 గంటలు, రెండోది 11 గంటలు. మాట్లాడుతుంటే రెండూ తగ్గుతాయి. లెడ్ యాసిడ్ బ్యాటరీ లోడ్ పడగానే 12 వోల్టుల కిందకు జారుతుంది, నాలుగు సెల్స్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ చివరి దాకా 13 చుట్టూ నిలబడుతుంది, బయట వాడే వాళ్లకు అదే నయం. అయినా నిజం చెప్పాలంటే ఇవి రెండూ వీపు మీద మోసుకెళ్లే రిగ్గులు కావు, కారులో పెట్టుకుని వెళ్లేవి.

ఎనిమిదో అడుగు: పై బ్యాండ్లకు మీకు నిజంగా అవసరం ఉందా

991ఎ వైపు మాట్లాడాల్సింది ఇక్కడే, న్యాయంగా మాట్లాడతాను. 144, 430లో ఎఫ్‌ఎమ్ మాత్రమే కాదు, ఎస్ఎస్‌బి, సిడబ్ల్యూ (మోర్స్) కూడా ఇస్తుంది. మామూలు విహెచ్‌ఎఫ్ సెట్టులు ఎఫ్‌ఎమ్ వరకే. ఈ ధర తరగతిలో 144 ఎస్ఎస్‌బి కావాలంటే ఇంత సులువైన దారి తక్కువ. దానికితోడు సి4ఎఫ్ఎమ్ డిజిటల్ వాయిస్ ఉంది. కానీ మీకు అందే రిపీటర్ సి4ఎఫ్ఎమ్మా, లేక వేరే డిజిటల్ పద్ధతులైన డీ-స్టారా, డీఎమ్‌ఆరా అని ముందు కనుక్కోండి, ఈ మూడూ ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకోవు. రిపీటర్ డీఎమ్‌ఆర్ అయితే 991ఎలో ఉన్న డిజిటల్ మీకు ఎందుకూ పనికిరాదు.

ఉపగ్రహాలంటే ఇష్టమా? అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఉన్న రిపీటర్‌కి 145.990లో 67 హెర్ట్జ్ టోన్‌తో పంపి 437.800లో వినాలి. 991ఎలో స్ప్లిట్ పెట్టి ఇది చేయవచ్చు. కానీ అది పంపేటప్పుడు వినలేదు, ఫుల్ డూప్లెక్స్ లేదు. ఎఫ్‌ఎమ్ ఉపగ్రహాలకు సర్దుకోవచ్చు, లీనియర్ ట్రాన్స్‌పాండర్ల (ఒక ఫ్రీక్వెన్సీ పట్టీ మొత్తాన్ని తిరిగి పంపే ఉపగ్రహ రిలేలు) మీద మన గొంతు మనకే తిరిగి వినిపిస్తే తప్ప ఫ్రీక్వెన్సీ సరిచేసుకోలేం, అక్కడ ఇబ్బంది పడతారు.

ఇంకో సంగతి, ఒకే పెట్టె అంటే ఒకే రిసీవర్. హెచ్‌ఎఫ్‌లో స్టేషన్ కోసం కాచుకుని కూర్చుంటే రిపీటర్‌లో మిమ్మల్ని ఎవరైనా పిలిచినా తెలియదు. నాకు ఇది రోజూ జరిగేది. ఇప్పుడు 7300 పక్కన ఒక చిన్న విహెచ్‌ఎఫ్ సెట్ విడిగా పెట్టుకున్నాను, రెండూ ఒకేసారి వినిపిస్తాయి, ఒకటి రిపేరుకి పోయినా రెండోది ఉంటుంది.

తొమ్మిదో అడుగు: తేల్చుకోవడం

మీ నోట్‌బుక్‌లో హెచ్‌ఎఫ్ పేజీలే నిండితే, 20 మీటర్ల తీగకు చోటుంటే, 7300 తీసుకోండి, వెనక్కి చూడకండి. సూర్యచక్రం (సూర్యుడి చురుకుదనం దాదాపు పదకొండేళ్లకోసారి పెరిగి తగ్గడం) సంగతి కూడా కలుపుకోండి. 25వ చక్రం 2024లో శిఖరం దాటింది, ఇక రాబోయే సంవత్సరాల్లో 28, 50 మెగాహెర్ట్జ్ క్రమంగా మందగించి 7, 3.5 మెగాహెర్ట్జ్ మీద ఆధారపడాల్సి వస్తుంది. నాయిస్ ఎక్కువగా ఉండే ఆ కింది బ్యాండ్లలో మంచి రిసీవర్, మంచి స్కోప్ ఉండడం చాలా సాయం.

144 ఎస్ఎస్‌బి చేయాలని, కొండలెక్కి యాగీ తిప్పాలని గట్టిగా ఉంటే, లేదా టేబుల్ మీద, కారులో ఒక్క పెట్టెకే చోటుంటే, లేదా మీ క్లబ్బు మొత్తం సి4ఎఫ్ఎమ్‌లోనే ఉంటే 991ఎ తీసుకోండి. కొన్నరోజే రెండో సాకెట్‌కి మంచి కేబుల్ కూడా కొనండి, వాయిదా వేయకండి.

రెండు కారణాలూ సగం సగం అనిపిస్తే నా సలహా 7300, దాంతోపాటు విడిగా చిన్న విహెచ్‌ఎఫ్ సెట్. మొత్తం డబ్బు కొంచెం ఎక్కువైనట్టుంటుంది, రోజువారీ వాడకంలో సుఖం ఎక్కువ.

పదో అడుగు: సెకండ్ హ్యాండ్ అయితే

కొనేచోటికి 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు తగిలించి పవర్‌ని వేడిగా మార్చేది), పవర్ మీటర్ తీసుకెళ్లండి. ప్రతి బ్యాండ్‌లోనూ క్యారియర్ ఇచ్చి పవర్ చూడండి, ఒక్క బ్యాండ్‌లోనే తగ్గితే ఆ బ్యాండ్ ఫిల్టరో రిలేనో అనుమానించాలి. 991ఎ అయితే 144, 430 సాకెట్‌ని కూడా విడిగా, వాటికి పనికొచ్చే మీటర్‌తో పరీక్షించండి. అమ్మేవాళ్లు "అది నేనెప్పుడూ వాడలేదు" అంటే మరీ పరీక్షించండి. ట్యూనర్ బటన్ నొక్కి రిలేల చప్పుడు వినండి. టచ్ స్క్రీన్ నాలుగు మూలలా తాకండి. పెద్ద డయల్ నెమ్మదిగా తిప్పి అంకెలు ఎగిరి దూకుతున్నాయేమో చూడండి. బ్యాండ్ల బయట ట్రాన్స్‌మిట్ అయ్యేలా మార్చిన రిగ్ అయితే వదిలేయండి, లైసెన్స్‌కి ముప్పు, లోపల ఎవరు ఏం కెలికారో తెలియదు. సీరియల్ నంబరు పెట్టె మీదదీ రిగ్ మీదదీ ఒకటే ఉండాలి.

నేను ఒకసారి ఒక అమ్మకందారు దగ్గర పాత రిగ్ వినడం వరకే పరీక్షించి తెచ్చాను. ఇంటికొచ్చి మైక్ నొక్కితే 14 మెగాహెర్ట్జ్ తప్ప ఎక్కడా పవర్ లేదు. డమ్మీ లోడ్ బ్యాగులో వేసుకుని ఉంటే పది నిమిషాల్లో బయటపడేది.

ఇంటికి తెచ్చాక మొదటి వారం

మొదటి రోజు డమ్మీ లోడ్ మీదే గడపండి. మైక్ గెయిన్, కంప్రెసర్ సర్ది, మీ గొంతు ఎలా వెళుతోందో మానిటర్ ఆన్ చేసి హెడ్‌ఫోన్‌లో వినండి. రెండో రోజు యాంటెన్నా తగిలించి ప్రతి బ్యాండ్‌లో ఎస్‌డబ్ల్యూఆర్ ఎంతుందో ట్యూనర్ ఆపి కొలిచి రాసుకోండి, తర్వాత ఎప్పుడైనా ఆ అంకె మారితే కేబుల్‌లో నీళ్లు దిగాయనో, జాయింట్ తుప్పు పట్టిందనో వెంటనే తెలుస్తుంది. 7300 అయితే ఎస్‌డీ కార్డు వేసి సెట్టింగులన్నీ సేవ్ చేయండి, ఏదైనా చెడగొట్టుకున్నా వెనక్కి తెచ్చుకోవచ్చు, అదే కార్డులో మీ మొదటి కాంటాక్టు కూడా రికార్డు చేసుకోవచ్చు. 991ఎ అయితే మార్చిన ప్రతి మెనూ నంబరునీ, పాత విలువనీ నోట్‌బుక్‌లో పక్కపక్కన రాయండి. మూడో రోజు సాయంత్రం 7 మెగాహెర్ట్జ్‌లోకి వెళ్లి, ఫ్రీక్వెన్సీ ఖాళీగా ఉందా అని రెండుసార్లు అడిగి, మీ కాల్‌సైన్‌తో సీక్యూ (ఎవరైనా బదులివ్వండి అనే పిలుపు) పిలవండి.